పర్యావరణ నిబంధనలు, మారే మార్కెట్లు, ప్రభుత్వ తోడ్పాటు: కృష్ణా డెల్టా ఆక్వా రైతు స్థితి - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

కృష్ణా డెల్టాలో చేపల, రొయ్యల సాగు గత యాభై ఏళ్లుగా రెండు ఒత్తిళ్ల నడుమ సాగుతోంది. ఒకటి పర్యావరణ చట్టాలు, న్యాయస్థానాల తీర్పులు విధించే హద్దు. రెండవది దేశవిదేశాల కొనుగోలుదారులు ఎప్పటికప్పుడు మార్చే షరతు. ఈ రెండింటికీ రైతు అలవాటు పడేందుకు ప్రభుత్వాలు రాయితీలు, నమోదు పథకాలు, బీమా, ప్రయోగశాలలు ఏర్పాటు చేశాయి. ఈ తోడ్పాటులో అధికభాగం భూమి పత్రాన్ని ఆధారం చేసుకొని నడుస్తుండగా, నిబంధనల భారమూ మార్కెట్టు నష్టమూ సాగు చేసే మనిషిపై పడుతున్నాయని ఈ వ్యాసం నిరూపించ ప్రయత్నిస్తుంది. కొల్లేరు చరిత్ర, తీరప్రాంత ఆక్వా చట్టం, ఎగుమతి నియమాలు, కౌలు పరిస్థితి ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: కృష్ణా డెల్టా, కొల్లేరు, ఆక్వా సాగు, కౌలుదారు, తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ, ఎగుమతి ప్రమాణాలు, రాయితీ.

1. ప్రస్తావన

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వరద విజయవాడ నగరంలోని సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలను ముంచెత్తింది. బుడమేరు మళ్లింపు కాలువకు పడిన గండ్లు దానికి తక్షణ కారణం. ఆ సందర్భంలో పత్రికల్లోనూ చర్చల్లోనూ మళ్లీ వినిపించిన పేరు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరుల నీరు చివరకు చేరేది కొల్లేరుకే. అక్కడి నుండి ఉప్పుటేరు ద్వారా సముద్రంలో కలుస్తుంది. సరస్సు గర్భంలో చెరువు కట్టలు లేస్తే ఆ నీటి నడక మందగిస్తుంది. కనుక కొల్లేరు కాంటూరు హద్దును పక్షుల కోసం గీసిన గీతగా మాత్రమే చూడటం సరికాదు. ఎగువన ఉన్న ఊళ్ల భద్రతకూ దానితో సంబంధం ఉంది.

పర్యావరణ నిబంధనలు అవసరమా కాదా అన్న చర్చ ఈ వ్యాసపరిధిలో లేదు. అవి అవసరమన్నది ఇక్కడ ప్రాతిపదిక. ఆ నిబంధనకు లోబడటానికి అయ్యే ఖర్చు ఎవరు భరిస్తున్నారు, అందుకు ప్రభుత్వం ఇచ్చే సాయం ఎవరి చేతికి చేరుతోంది అన్నవే ఇక్కడి ప్రశ్నలు. వరి రైతు విషయంలో ఈ ప్రశ్నలపై విస్తృత పరిశోధన ఉంది. ఆక్వా రైతును మాత్రం మన విద్యాలోకం చాలాకాలం పెట్టుబడిదారుగానే చూసింది. నాగాయలంక, కృత్తివెన్ను, బంటుమిల్లి, ముదినేపల్లి, కలిదిండి ప్రాంతాల్లో రెండెకరాల చెరువును కౌలుకు తీసుకొని సాగుచేసే వ్యక్తి ఆ చిత్రంలో ఇమడడు.

2. తవ్వించినదీ తెగ్గొట్టినదీ ప్రభుత్వమే

కొల్లేరులో చేపల చెరువులు ఆక్రమణదారుల చేత మాత్రమే పుట్టినవి కావు. 1976లో రాష్ట్ర ప్రభుత్వం 118వ నంబరు ఉత్తర్వు ద్వారా మత్స్యకారుల, బలహీనవర్గాల సహకార సంఘాలకు కొల్లేరు భూముల్లో చెరువుల సాగుకు వీలు కల్పించింది. లంక గ్రామాల వారికి ఏడాది పొడవునా ఆదాయం కల్పించాలన్నది దాని ఉద్దేశం. అంటే సరస్సును చెరువులుగా విభజించే పనికి మొదటి ఆమోదం ప్రభుత్వ సంక్షేమ విధానం నుండే వచ్చింది. తరువాతి దశాబ్దాల్లో సంఘాల చెరువులు లీజుల మీద బయటి పెట్టుబడిదారుల చేతుల్లోకి వెళ్లడం, అనుమతి లేని చెరువులు వాటి పక్కన విస్తరించడం జరిగాయి. సంఘ సభ్యుడు తన చెరువు గట్టుమీదే కూలిగా మారిన ఉదంతాలు లంక గ్రామాల్లో అరుదు కావు.

1999 అక్టోబరులో 120వ నంబరు ఉత్తర్వుతో +5 కాంటూరు వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతం వన్యప్రాణి అభయారణ్యమైంది. 2002లో కొల్లేరు రామ్‌సర్ ఒడంబడిక కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు పొందింది. అయినా చెరువులు ఆగలేదు. 2006లో సుప్రీంకోర్టు, అది నియమించిన కేంద్ర సాధికార కమిటీ ఆదేశాల మేరకు యంత్రాలతో, కొన్నిచోట్ల పేలుడు పదార్థాలతో చెరువు గట్లను తెగ్గొట్టారు. ‘ఆపరేషన్ కొల్లేరు’గా ప్రసిద్ధమైన ఘట్టం ఇదే.

ఈ ఘట్టంలో గమనించదగినది ఒకటి ఉంది. గట్టు తెగిన రోజు చెరువు చట్టవిరుద్ధం కావడంతో దానిపై ఆధారపడిన లెక్కలన్నీ చట్టానికి బయటే మిగిలాయి. మేత వ్యాపారికి ఉన్న బాకీ, లీజుకు ముందుగా చెల్లించిన సొమ్ము, సంఘ సభ్యుని వాటా, వీటిలో దేనికీ నష్టపరిహారపు పట్టికలో గడి లేదు. సరస్సులోని జిరాయితీ భూములది వేరే సమస్య. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అభయారణ్యపు హద్దులో ప్రైవేటు హక్కులుంటే కలెక్టరు విచారణ జరిపి ఆ భూమిని మినహాయించడమో, పరిహారమిచ్చి సేకరించడమో చేయాలి. ప్రకటన వెలువడినంత వేగంగా ఈ ప్రక్రియ నడవలేదు. పట్టా ఉండి సాగుకు వీలులేని స్థితిలో వేల ఎకరాల భూమి ఏళ్ల తరబడి నిలిచిపోయింది.

రాజకీయ పక్షాలు దీనికి కనుగొన్న పరిష్కారం హద్దును తగ్గించడం. +5 నుండి +3 కాంటూరుకు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ ఆ కుదింపును సమర్థించలేదు. 2025 నాటికి కూడా కొల్లేరు హద్దుల వివాదం సుప్రీంకోర్టు ముందే ఉంది. హద్దు తగ్గిస్తే రైతుకు మేలు అన్న వాదం ఎన్నికల వేదికపై బాగానే వినిపిస్తుంది. అయితే హద్దు తగ్గించినందువల్ల కౌలుదారుకు గాని, సంఘ సభ్యునికి గాని ఏ హక్కూ కొత్తగా రాదు. భూమి ఎవరి అధీనంలో ఉందో వారికే అది లాభిస్తుంది. పరిహార ప్రక్రియ పూర్తి చేయడం కంటె హద్దు మార్చడం సులభంగా కనిపించడమే ఈ చర్చ ఇంతకాలం ఒకే చోట తిరగడానికి కారణమని తోస్తుంది.

3. ఒకే చెరువు, మూడు అధికారాలు

రొయ్యల సాగుపై మన దేశంలో అత్యంత ప్రభావం చూపిన తీర్పు 1996 డిసెంబరు 11న వెలువడింది. తమిళనాడుకు చెందిన గ్రామస్వరాజ్య ఉద్యమ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ సగీర్ అహ్మద్‌ల ధర్మాసనం, తీరప్రాంత నియంత్రణ మండలంలో సంప్రదాయ పద్ధతులు మినహా తక్కిన రొయ్యల చెరువులను 1997 మార్చి 31లోగా తొలగించాలని ఆదేశించింది. వరిపొలాలు ఉప్పుబారడం, తాగునీటి బావులు చెడటం, మడ అడవులు నశించడం ఆ తీర్పుకు నేపథ్యం. మూతపడే సంస్థల కార్మికులకు చట్టప్రకారం వచ్చే పరిహారంతో పాటు అదనంగా ఆరేళ్ల వేతనం చెల్లించాలని కూడా అందులో ఉంది. కూలి గురించి న్యాయస్థానం ఆలోచించింది. కౌలుకు చెరువు పట్టిన రైతు యజమానీ కాదు, కార్మికుడూ కాదు. ఆ రెండు వర్గాల నడుమ అతను కనిపించలేదు.

సమీక్ష పిటిషన్ల దశలో కూల్చివేతలు నిలిచిపోయాయి. అటుపై 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. ఆటుపోటు రేఖ నుండి రెండు కిలోమీటర్ల లోపలి ఉప్పునీటి సాగు దాని పరిధిలోకి వస్తుంది. చెరువు నమోదు తప్పనిసరి. దాన్ని అయిదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. నమోదు లేని సాగుకు మూల చట్టంలో మూడేళ్ల వరకు జైలుశిక్ష ఉండేది. 2023 సవరణ దానిని తొలగించి జరిమానాలుగా మార్చింది. రైతును నేరస్థుడిగా చూసే దృష్టి మారినందుకు ఈ సవరణను స్వాగతించాలి.

కృష్ణా డెల్టాలో చిక్కు మరొకచోట ఉంది. 2009లో దేశంలోకి అనుమతించిన వనామీ రొయ్య ఉప్పు తక్కువైన నీటిలోనూ పెరుగుతుంది. దాంతో రొయ్య సముద్రతీరాన్ని విడిచి గుడివాడ, ముదినేపల్లి వైపు వరిపొలాల్లోకి వచ్చింది. అక్కడ కేంద్ర అథారిటీ పరిధి లేదు. 2020లో చేసిన రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి అథారిటీ చట్టం, మండల జిల్లా కమిటీల అనుమతులు, ఆక్వా జోన్ల విభజన అక్కడ వర్తిస్తాయి. కొల్లేరు హద్దులోకి వెళ్తే అటవీశాఖ మాటే చెల్లుతుంది. అదే రొయ్య, అదే మేత, అదే కొనుగోలుదారు. చెరువున్న చోటును బట్టి మూడు వేర్వేరు కార్యాలయాలు, మూడు వేర్వేరు కాగితాలు. పొరుగున ఉన్న వరి రైతు తన మడిలోకి ఉప్పునీరు ఊరుతోందని ఫిర్యాదు చేయాలన్నా ముందుగా ఆ చెరువు ఎవరి పరిధిలో ఉందో తెలుసుకోవాలి. నిబంధనల వల్ల రక్షణ పొందవలసిన వరి రైతుకే ఇది అందరికంటె ఎక్కువ ఇబ్బంది.

4. మార్కెట్టు పెట్టే షరతులు

చట్టం కంటె మార్కెట్టు షరతే రైతును వేగంగా కదిలిస్తుంది. ధర అదే రోజు మారుతుంది కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు.

క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి నిషిద్ధ యాంటీబయాటిక్కుల అవశేషాలు దొరికితే ఐరోపా సమాఖ్య సరుకును తిప్పి పంపుతుంది. 2016లో భారతదేశపు సాగు రొయ్యల సరుకులో పరీక్షించే వాటాను అది పది శాతం నుండి యాభై శాతానికి పెంచింది. దీనికి స్పందనగా సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ, అంటే ఎంపెడా, చెరువుల నమోదును, పట్టుబడికి ముందు జరిపే అవశేష పరీక్షను విస్తరించింది. రైతు తన చెరువు నుండి నమూనా ఇచ్చి, ప్రయోగశాల పత్రం తీసుకొని, ఆ తరువాత పట్టుబడి చేయాలి. సూత్రరీత్యా ఇది మేలైన ఏర్పాటు. ఆచరణలో ఒక వైరుధ్యం ఉంది. తెల్లమచ్చ తెగులు, ఈహెచ్‌పీ వంటి వ్యాధులు సోకిన చెరువును రాత్రికి రాత్రే ఖాళీ చేయవలసి వస్తుంది. ఆ రైతుకు పత్రం కోసం ఆగే వ్యవధి ఉండదు. పత్రం లేని సరుకును వ్యాపారి తక్కువ ధరకు కొంటాడు. వ్యాధి వల్ల కలిగిన నష్టానికి నియమం వల్ల కలిగిన నష్టం తోడవుతుంది.

2025 సెప్టెంబరులో ఐరోపా సమాఖ్య అదనంగా 102 భారతీయ ఎగుమతి యూనిట్లకు ఆమోదం తెలిపింది. ఇది మంచి పరిణామం. అయితే ఆమోదం ప్రాసెసింగ్ ప్లాంట్లకు, ఎగుమతి సంస్థలకు. ఆ విశ్వాసానికి మూలమైన జాగ్రత్త చెరువు గట్టున జరగాలి. గట్టున జరిగే జాగ్రత్తకు అదనపు ధర ఎవరూ చెల్లించడం లేదు.

దేశీయ విపణి గురించి మన పరిశోధనల్లో తక్కువ చర్చ కనిపిస్తుంది. కైకలూరు పరిసరాల శీలావతి, కట్ల చేపలు మంచు పెట్టెల్లో లారీలపై కలకత్తాకు, అస్సాంకు, ఈశాన్య రాష్ట్రాలకు వెళ్తాయి. 2018లో చేపల్లో ఫార్మాలిన్ ఆనవాళ్లున్నాయన్న కారణంతో అస్సాం ప్రభుత్వం బయటి రాష్ట్రాల చేపను కొన్నాళ్లు నిషేధించింది. 2019 జనవరిలో పాట్నాలో ఆంధ్ర చేప అమ్మకాన్ని ఆపేశారు. రైతు చేపను చెరువు గట్టునే అమ్ముతాడు. మందు కలిపారన్న ఆరోపణ నిజమైనా కాకపోయినా అది రవాణా, నిల్వ దశలకు చెందినది. కాని విపణి మూతపడ్డప్పుడు చెరువులో చేప నిలిచిపోయింది, మేత ఖర్చు రోజూ పెరిగింది. ఎగుమతి రొయ్యకు ఉన్నట్టు దేశీయ చేపకు చెరువు నుండి అంగడి దాకా ఎవరి బాధ్యత ఎక్కడ ముగుస్తుందో చెప్పే పత్రవ్యవస్థ లేకపోవడం ఇందుకు మూలం.

ఇక సుంకాల మాట. 2005 నుండే అమెరికా భారతీయ రొయ్యపై యాంటీడంపింగ్ సుంకం విధిస్తోంది. 2024 చివరలో దానికి 5.77 శాతం ప్రతిసంతులన సుంకం చేరింది. 2025 ఆగస్టు 27 నాటికి కొత్త సుంకం యాభై శాతానికి పెరిగి, పాతవాటితో కలిపి మొత్తం సుమారు 58 శాతమైంది. 2024-25లో భారతదేశపు సముద్ర ఉత్పత్తుల ఎగుమతి విలువ రూ.62,408 కోట్లు. అందులో అత్యధిక భాగం గడ్డకట్టించిన రొయ్యదే, ఆ రొయ్యకు అతి పెద్ద కొనుగోలుదారు అమెరికా. సుంకం రేటు తరువాత తగ్గవచ్చు, మళ్లీ పెరగవచ్చు. చెరువులో ఉన్న వనామీ మూడు నాలుగు నెలల్లో పట్టుబడికి వస్తుంది, అది దౌత్య చర్చల కోసం ఆగదు. పిల్ల వదిలిన రోజున్న ధర పట్టుబడి రోజున ఉంటుందన్న హామీ ఏ పథకంలోనూ లేదు. రొయ్య ధరను కిలోకు ఎన్ని తూగుతాయన్న ‘కౌంటు’ బట్టి లెక్కిస్తారు. ధర పడిపోతుందని వంద కౌంటు దగ్గరే పట్టుబడి చేస్తే, ముప్పై కౌంటు దాకా పెంచితే వచ్చే రాబడిని రైతు వదులుకున్నట్టే. అందరూ ఒకేసారి ఆ పని చేసినప్పుడు చిన్న కౌంటు ధర ఇంకా పడుతుంది.

5. తోడ్పాటు ఎవరి పేరిట నడుస్తోంది?

ప్రభుత్వ సాయం తక్కువేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆక్వా విద్యుత్తును 2018లో యూనిట్ రెండు రూపాయలకు, 2019లో రూపాయిన్నరకు తగ్గించారు. తరువాత ఆ రాయితీని ఆక్వా జోన్లకు, పదెకరాల పరిమితికి లోబరిచారు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన 2020 నుండి చెరువు నిర్మాణానికి, పరికరాలకు యూనిట్ వ్యయంలో సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలకు 60 శాతం సాయం ఇస్తోంది. 2024లో కేంద్రం ఆమోదించిన మత్స్య కిసాన్ సమృద్ధి ఉపపథకం కింద నాలుగు హెక్టార్ల లోపు చెరువులకు బీమా ప్రీమియంలో 40 శాతం, హెక్టారుకు రూ.25,000 మించకుండా, ప్రోత్సాహకంగా లభిస్తుంది. కిసాన్ క్రెడిట్ కార్డును చేపల రైతులకూ వర్తింపజేశారు. మేత, పిల్ల నాణ్యతపై రాష్ట్ర చట్టాలున్నాయి.

వీటన్నింటినీ ఒక వరుసలో పెట్టి చూస్తే ఒక లక్షణం బయటపడుతుంది. విద్యుత్ సర్వీసు సాధారణంగా భూయజమాని పేరిట ఉంటుంది. నిర్మాణ సాయానికి సొంత భూమి పత్రాలు గాని, దీర్ఘకాల రిజిస్టర్డు లీజు గాని చూపాలి. నమోదు పత్రం ఆ చెరువున్న భూమి చట్టబద్ధతను బట్టి వస్తుంది. ప్రయోగశాల పరీక్ష, మేత బాకీ, వ్యాధి నష్టం, ధర పతనం, ఇవి మాత్రం ఆ ఏడాది చెరువు పట్టినవాడివి. సాయం ఒక పేరిటకు, భారం ఇంకొక పేరిటకు చేరుతున్నాయి. రాయితీ విద్యుత్తు ఉన్న చెరువుకు యజమాని ఎక్కువ కౌలు అడగగలడు. అప్పుడు రైతు కోసం ప్రకటించిన రాయితీ కౌలు రూపంలో యజమానికే చేరుతుంది. రాయితీలపై ప్రకటనలు ఎన్ని వచ్చినా ఈ సంగతి వాటిలో ప్రస్తావనకు రాదు.

కౌలుదారుల కోసం చట్టాలు లేకపోలేదు. 2011లో అధీకృత సాగుదారుల చట్టం, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాయి. 2019 చట్టం ప్రకారం పదకొండు నెలల గడువుతో కార్డు ఇస్తారు. అందుకు యజమాని సంతకం కావాలి. పేరులోనే ఉన్నట్టు ఇది పైరు సాగును దృష్టిలో ఉంచుకొని రూపొందింది. చెరువు కౌలు స్వభావం వేరు. గట్లు బలపరచడం, ఏరియేటర్లు బిగించడం, మోటార్లు దించడం వంటి ఖర్చులుంటాయి కాబట్టి చెరువును కొన్నేళ్లకు కలిపి తీసుకోవడం పరిపాటి. ఆ ఒప్పందం తెల్లకాగితం మీదనో నోటిమాట మీదనో ఉంటుంది. పదకొండు నెలల కార్డు దానికి అతకదు. యజమాని సంతకం పెట్టడానికి జంకడం వరిలో ఎంత సాధారణమో చెరువు విషయంలోనూ అంతే. భూపరిమితి, బ్యాంకు రుణం, వారసుల నడుమ తగాదా వంటి భయాలు అందుకు కారణాలు.

మేత దుకాణం ఈ ఖాళీని పూరిస్తోంది. పత్రం లేని రైతుకు మేత వ్యాపారి అరువిస్తాడు, పట్టుబడి తన ద్వారా అమ్మాలన్న షరతు పెడతాడు. ధర అతడు చెప్పినదే. దీనిని దోపిడీ అని తోసివేయడం సులువు. కాని బ్యాంకు రాని చోటికి ఆ దుకాణం వచ్చింది. దాన్ని తొలగించాలంటే ముందు దాని స్థానంలో మరొకటి ఉండాలి.

6. నమోదును సాగుదారుకు మళ్లించడం

ఈ పరిస్థితిలో కొత్త చట్టం కంటె ఉన్న నమోదులను ఒకటి చేయడం ఎక్కువ ఉపయోగపడుతుందని ఈ వ్యాస ప్రతిపాదన. ఇప్పటికే రాష్ట్రంలో ఈ-ఫిష్ పేరిట చెరువుల వివరాలు గ్రామస్థాయిలో నమోదవుతున్నాయి. 2024 సెప్టెంబరులో ప్రారంభమైన జాతీయ మత్స్య డిజిటల్ వేదికలో సాగుదారులకు గుర్తింపు ఇస్తున్నారు. ఎంపెడా వద్ద చెరువుల జాబితా ఉంది. ఈ మూడింటిలోనూ భూయజమాని, ఈ పంటకు సాగు చేస్తున్న వ్యక్తి అని రెండు వేర్వేరు గడులుంటే, విద్యుత్ రాయితీ మొదటి పేరిట నడిచినా బీమా, అవశేష పరీక్ష, పంట రుణం రెండవ పేరిట ఇవ్వవచ్చు. సాగు నమోదు భూమిపై ఎటువంటి హక్కునూ కల్పించదని స్పష్టంగా రాస్తే యజమాని భయం కొంతైనా తగ్గుతుంది.

దీనికి ఎదురయ్యే అభ్యంతరం కొల్లేరు నుండే వస్తుంది. హద్దులోపలి చెరువులో సాగు చేసే వ్యక్తిని నమోదు చేస్తే అక్రమ చెరువును గుర్తించినట్టు కాదా? ఈ ప్రశ్న తేలికైనది కాదు. వ్యక్తి నమోదును చెరువు అనుమతి నుండి వేరుచేయడం ఒక్కటే దీనికి సమాధానం. హద్దులోపలి చెరువుకు విద్యుత్తు గాని, నిర్మాణ సాయం గాని ఇవ్వకూడదు. ఆ చెరువు మూసే రోజున దానిపై ఎవరెవరు ఆధారపడి ఉన్నారో చెప్పే జాబితా మాత్రం ముందే ఉండాలి. 2006లో ఆ జాబితా లేదు. గట్లు తెగాక ఎవరు నిజమైన సాగుదారు, ఎవరు పేరు మాత్రం ఉన్న సభ్యుడు, ఎవరు బయటి పెట్టుబడిదారు అన్నది తేల్చే ఆధారం లేకపోవడంతో పునరావాసం గురించిన మాటలన్నీ వినతిపత్రాల స్థాయిలోనే ఆగాయి. న్యాయస్థానం తదుపరి ఆదేశాలు వెలువడే లోపు కైకలూరు, మండవల్లి మండలాల లంక గ్రామాల్లో ఇంటింటి సాగుదారుల గణన జరపడానికి ఏ చట్టమూ అడ్డురాదు. మత్స్యశాఖ గ్రామ సహాయకులు, స్థానిక కళాశాలల అర్థశాస్త్ర, సామాజికశాస్త్ర విభాగాల విద్యార్థులు కలిసి ఒక పంటకాలంలో దానిని చేయగలరు.